చిగురు మందం 0.6 మిల్లీమీటర్లు: ఎడమ కోరపన్ను రిసెషన్‌కు శస్త్రచికిత్స, ఏడాది తర్వాతి ఫలితం

చిగురు జారిన పంటికి శస్త్రచికిత్స చేసే ముందు వేరు ఎన్ని మిల్లీమీటర్ల మేర బయటపడిందో, గట్టి చిగురు ఎంత వెడల్పున మిగిలిందో, పళ్ళ సందుల్లో ఎముక ఎంతవరకు నిలిచి ఉందో ప్రోబ్ (కొలత గీతలున్న సన్నని లోహపు పుల్ల) పెట్టి కొలిచి కేస్ షీటులో రాసుకుంటాం. చిగురు మందం దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలాసార్లు కంటిచూపుతోనే సరిపెట్టుకుంటాం. ‘పలచన’, ‘మందం’ అన్న రెండు మాటల్లో ఒకటి రాసి ముందుకు వెళ్ళిపోతాం. ఇక్కడ వివరిస్తున్న కేసులో ఒకే వ్యక్తి పైదవడలో అయిదు పళ్ళకు రిసెషన్ (చిగురు జారి వేరు బయటపడటం) ఉంది, వాటి దగ్గర చిగురు మందం 0.6 నుంచి 1.4 మిల్లీమీటర్ల దాకా ఉంది. ఏ పంటికి అంగిలి నుంచి కణజాలం తీసి అతకాలి, ఏ పంటికి ఉన్న చిగురునే కిందికి దించితే సరిపోతుంది అన్నది ఆ కొలతలను బట్టే నిర్ణయించాను. రోగి అనుమతితో, ఆమెను గుర్తుపట్టే వివరాలేవీ లేకుండా ఈ కేసును రాస్తున్నాను.

రోగి, ఫిర్యాదు

ఆమె వయసు 34, ప్రైవేటు స్కూల్లో టీచరు. ‘ఫ్రిజ్ నీళ్ళు తాగితే ఎడమ పక్క జివ్వుమంటోంది డాక్టరు గారూ, నవ్వితే ఆ కోరపన్ను ఒక్కటే పొడుగ్గా కనబడుతోంది’ అన్నది ఆమె ఫిర్యాదు. సెన్సిటివిటీ పేస్టు వాడినన్నాళ్ళు జివ్వుమనడం తగ్గుతోంది, ఆపిన కొద్ది రోజులకే మళ్ళీ మొదలవుతోంది. బీపీ, షుగర్, థైరాయిడ్ సమస్యలు లేవు, రోజూ వాడే మందులు లేవు, పొగాకు, వక్కపొడి అలవాట్లు లేవు. టీనేజీలో పళ్ళేవీ తీయించకుండానే క్లిప్పులు పెట్టించుకుని ఎత్తుపళ్ళు సరిచేయించుకున్నారు. నేను అడిగితే తన బ్రష్ తెచ్చి చూపించారు. గట్టి కుచ్చు బ్రష్ అది, ఒకవైపు కుచ్చు బయటికి వాలిపోయి ఉంది. కుడిచేత్తో పట్టుకుని, ఎడమ కోరపన్ను దగ్గర మొదలుపెట్టి అడ్డంగా రుద్దడం ఆమె అలవాటు.

కుడిచేతివాటం వాళ్ళు బ్రష్‌ను బలంగా అడ్డంగా రుద్దితే ఎడమవైపు కోరపన్ను, దాని వెనక చిన్న దవడ పళ్ళు ముందుగా దెబ్బతినడం మనం తరచూ చూసేదే. అయితే బ్రష్ ఒక్కటే కారణమని ఇక్కడ అనలేను. ఎడమ కోరపన్ను వేరు వంపు బయటివైపుకు ఉబికి ఉంది, వేలితో తడిమితే ఆ ఉబ్బు స్పష్టంగా తగిలేది. చోటు చాలని దవడలో పళ్ళు తీయకుండా వరుస సరిచేసినప్పుడు కోరపన్ను ఎముక కవచానికి బయటి అంచుకు చేరుతుంది. అక్కడ ఎముక పలచబడినా, పైభాగంలో లేకుండా పోయినా దాని మీద ఉన్న చిగురే పంటికి మిగిలిన రక్షణ. ఆ చిగురు కూడా పలచనిదైతే అదే బ్రష్ రాపిడి కుడివైపు చేయలేని నష్టం ఎడమవైపు చేస్తుంది.

పరీక్షలో తేలినవి

ఎడమవైపు మూడు పళ్ళకు రిసెషన్ ఉంది: కోరపన్నుకు 4 మిల్లీమీటర్లు, మొదటి ప్రీమోలార్‌కు (కోరపన్ను వెనక చిన్న దవడ పన్ను) 3, రెండో ప్రీమోలార్‌కు 2. కుడివైపు కోరపన్నుకు 3, మొదటి ప్రీమోలార్‌కు 2 మిల్లీమీటర్లు ఉన్నా అక్కడ ఆమెకు ఇబ్బంది ఏమీ లేదు, ఆ వైపు కూడా చిగురు జారిందని ఆమె గమనించనేలేదు. ప్రోబింగ్ లోతు (చిగురు గాడి లోతు) అన్నిచోట్లా 1 నుంచి 2 మిల్లీమీటర్లే. పళ్ళ సందుల్లో పాపిల్లాలు (సందును నింపే ముక్కోణపు చిగురు) నిండుగా ఉన్నాయి, ఎక్స్‌రేలో సందుల ఎముక తగ్గలేదు. కైరో అనే పరిశోధకుడు 2011లో ప్రతిపాదించిన వర్గీకరణ ప్రకారం అన్నీ ఆర్‌టీ1 (సందుల్లో నష్టం లేని రిసెషన్) కిందికి వస్తాయి. మిల్లర్ 1985 నాటి పాత లెక్కలో చెప్పాలంటే క్లాస్ 1. అంటే సూత్రప్రకారం అయిదు పళ్ళకూ వేరు పూర్తిగా కప్పుకునే అవకాశం ఉంది.

గట్టి చిగురు వెడల్పు ఎడమ కోరపన్ను దగ్గర 2, మొదటి ప్రీమోలార్ దగ్గర 2, మిగిలిన మూడు పళ్ళ దగ్గర 3 మిల్లీమీటర్లు. ఎడమ మొదటి ప్రీమోలార్ మెడ దగ్గర రాపిడికి పడిన చిన్న నొక్కు ఉంది, దాని లోతు అర మిల్లీమీటరు లోపే. ఎనామెల్ ముగిసి వేరు మొదలయ్యే గీత రెండు చివర్లా కనిపిస్తోంది కాబట్టి ఫిల్లింగ్ అవసరం లేదనుకున్నాను.

మందం కొలత

2017 నవంబరులో షికాగోలో జరిగిన అంతర్జాతీయ వర్క్‌షాపు చిగురు రకాన్ని చెప్పే ‘బయోటైప్’ అన్న పాత పదాన్ని పక్కనపెట్టి ‘ఫీనోటైప్’ను స్థిరపరచింది, చిగురు మందం 1 మిల్లీమీటరు, అంతకన్నా తక్కువ ఉంటే పలచనిదిగా, మించితే మందమైనదిగా పరిగణించమంది. క్లినిక్‌లో దీన్ని తేల్చడానికి అందరికీ తెలిసిన సులువైన పద్ధతి ప్రోబ్ పరీక్ష: చిగురు గాడిలో ప్రోబ్ పెట్టినప్పుడు దాని లోహపు ఛాయ చిగురులోంచి కనిపిస్తే పలచన, కనిపించకపోతే మందం.

ఈ పరీక్ష ఈమెకు ఎడమ కోరపన్ను దగ్గర చేసినప్పుడు ప్రోబ్ స్పష్టంగా కనిపించలేదు. కారణం చిగురు మందం కాదు, రంగు. మనవాళ్ళలో చాలామందికి ఉన్నట్టే ఈమెకు కూడా ముందు పళ్ళ చిగురు మీద మెలనిన్ గోధుమ-నలుపు పట్టీలా ఉంది, ప్రోబ్ ఛాయ ఆ పట్టీ వెనక దాగిపోయింది. గులాబీ రంగు చిగుళ్ళను చూసి రూపొందించిన కంటి పరీక్షను నల్లని చిగుళ్ళ మీద యథాతథంగా నమ్మడం నాకు మొదటినుంచీ ఇష్టం లేదు. ఈమె కేస్ షీటులో ప్రోబ్ పరీక్షను మాత్రమే రాసి ఉంటే ఎడమ కోరపన్ను ‘మందం’ గడిలో పడేది.

అందుకే గుచ్చి కొలిచాను. పెదవి లోపలి మడతలో, చిగురుకు దూరంగా, కొద్దిపాటి మత్తు ఇచ్చి, మందు వల్ల కణజాలం ఉబ్బకుండా కొంతసేపు ఆగాను. చిగురులోకే మత్తు ఎక్కిస్తే ఆ ద్రవమే కొలతలో కలుస్తుంది. రూట్ కెనాల్‌కు వాడే 15 నంబరు ఫైలుకు సిలికోన్ స్టాపర్ తొడిగి, చిగురు అంచుకు 2 మిల్లీమీటర్ల పైన, పంటి మధ్యరేఖ మీద, ఉపరితలానికి లంబంగా గట్టి తాకిడి తగిలేదాకా గుచ్చాను. అసలు కష్టం ఇక్కడే ఉంటుంది: స్టాపర్ చిగురును ఆనాలి కానీ నొక్కకూడదు. నొక్కితే పలచని చిగురు ఇంకా పలచబడి కొలత తగ్గుతుంది, ఆనకపోతే పెరుగుతుంది. ఫైలు బయటికి తీసేటప్పుడు స్టాపర్ వెంట్రుకవాసి జరిగినా 0.6 కాస్తా 0.8 అయిపోతుంది. స్టాపర్ మీద సయనోయాక్రిలేట్ జిగురు చుక్క వేసి, అది బిగిశాక ఫైలు తీసి, డిజిటల్ కాలిపర్‌తో కొలిచాను. ఒక్కో పంటి దగ్గర రెండుసార్లు గుచ్చి సగటు తీసుకున్నాను. ఇంత జాగ్రత్తపడినా 0.1 మిల్లీమీటరు అటూ ఇటూ తేడా ఉంటుందనే లెక్కవేసుకోవాలి.

కొలతలు ఇవి: ఎడమ కోరపన్ను 0.6, ఎడమ మొదటి ప్రీమోలార్ 0.9, ఎడమ రెండో ప్రీమోలార్ 1.3, కుడి కోరపన్ను 1.2, కుడి మొదటి ప్రీమోలార్ 1.4 మిల్లీమీటర్లు. ప్రోబ్ పరీక్షకు దాదాపు ఒకేలా కనిపించిన రెండు కోరపళ్ళ మధ్య మందంలో రెట్టింపు తేడా ఉంది.

సీబీసీటీలో (దవడల త్రీడీ ఎక్స్‌రే స్కాన్) పెదవిని చిగురు నుంచి దూరంగా పట్టి ఉంచి స్కాన్ తీస్తే చిగురు మందం, దాని వెనక ఎముక రెండూ కనిపిస్తాయి, అల్ట్రాసౌండ్ పరికరాలూ ఉన్నాయి. అయితే అయిదు పళ్ళ మందం కోసం ఈమెకు రేడియేషన్ ఇవ్వడం నాకు సబబనిపించలేదు. ఎలాగూ శస్త్రచికిత్స నిర్ణయం కోసమే కొలుస్తున్నాం కాబట్టి మత్తు ఇచ్చి ఫైలుతో గుచ్చడం పెద్ద భారం కాదు.

నిర్ణయం

పైచిగురును కిందికి దించి వేరును కప్పే శస్త్రచికిత్సకు రెండు దారులు ఉన్నాయి. ఉన్న చిగురు పొరనే (దీన్నే ఫ్లాప్ అంటాం) ఎత్తి, సడలించి, కిందికి దించి కుట్టడం ఒకటి. ఆ పొర కింద అంగిలి నుంచి తీసిన కనెక్టివ్ టిష్యూ గ్రాఫ్ట్ (పైచర్మం కింది కణజాలపు అతుకు) పెట్టడం రెండోది. మొత్తం మీద చూస్తే గ్రాఫ్ట్ పెట్టినప్పుడు వేరు పూర్తిగా కప్పుకునే అవకాశం ఎక్కువ. కోర్తెల్లీనీ బృందం 2009లో ప్రచురించిన బహుకేంద్ర అధ్యయనంలో గ్రాఫ్ట్‌తో 60 శాతం, గ్రాఫ్ట్ లేకుండా 37 శాతం సందర్భాల్లో వేరు పూర్తిగా కప్పుకుంది. అలాగని ప్రతి పంటికీ గ్రాఫ్ట్ తీస్తే అంగిలి మీద గాయం పొడవు పెరుగుతుంది, నొప్పి పెరుగుతుంది, పైగా ఇప్పటికే మందంగా ఉన్న చిగురు కింద గ్రాఫ్ట్ పెడితే అది ఉబ్బెత్తుగా, పక్క చిగురుతో కలవకుండా కనిపిస్తుంది. కైరో బృందం 2016లో వరుస పళ్ళ రిసెషన్లపై చేసిన అధ్యయనం ఈ విషయంలో నాకు ఎక్కువ పనికొచ్చింది: చిగురు 0.8 మిల్లీమీటర్లు, అంతకన్నా పలచగా ఉన్నచోట గ్రాఫ్ట్ వల్ల లాభం కనిపించింది. అంతకు మించిన మందం ఉన్నచోట గ్రాఫ్ట్ లేకుండానే ఫలితం దీటుగా ఉంది, చూపుకు ఇంకా బాగుంది.

ఆ ప్రకారం ఎడమ కోరపన్నుకు గ్రాఫ్ట్ తప్పదు. ఎడమ రెండో ప్రీమోలార్‌కు, కుడివైపు రెండు పళ్ళకు అవసరం లేదు. తేల్చుకోవాల్సింది 0.9 మిల్లీమీటర్ల మందం ఉన్న ఎడమ మొదటి ప్రీమోలార్ గురించే. దాన్ని కూడా కలుపుకుంటే గ్రాఫ్ట్ పొడవు రెట్టింపుకు దగ్గరవుతుంది. పాఠం చెప్పడమే వృత్తి అయిన మనిషికి అంగిలి మీద పొడవాటి గాయం అంటే వారం రోజుల పని ఆగిపోవడమే. మూడు మిల్లీమీటర్ల రిసెషన్, బయటికి ఉబకని వేరు, 0.8 దాటిన మందం. ఈ మూడింటినీ కలిపి చూసి గ్రాఫ్ట్‌ను కోరపన్ను వరకే పరిమితం చేద్దామని ఆమెతో చెప్పాను. ‘ఆ ఒక్క పన్నుకు కొంచెం వేరు మిగిలిపోవచ్చు’ అని కూడా ముందే చెప్పాను. ఆమె సరేనన్నారు.

శస్త్రచికిత్సకు ముందు గార తీసి, మెత్తని బ్రష్ ఇచ్చి, చిగురు నుంచి పంటి వైపుకు దొర్లిస్తూ తోమే పద్ధతి నేర్పించి, పాచి ఆ పద్ధతిలో పోతోందని, చిగురు మీద కొత్త గీతలు పడటం లేదని రుజువయ్యేదాకా ఆగాను. ఇది చేయకుండా కుట్లు వేయడం దండగ.

ఎడమవైపు శస్త్రచికిత్స

అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకైన్‌తో మత్తు ఇచ్చి, జుక్కెల్లి, డి సాంక్టిస్ 2000లో వివరించిన పద్ధతిలో, నిలువు కోతలు లేకుండా ఫ్లాప్ ఎత్తాను. పళ్ళ సందుల్లో ఏటవాలు కోతలు పెట్టి, పక్క కోతపన్ను నుంచి మొదటి మోలార్ (పెద్ద దవడ పన్ను) దాకా ఫ్లాప్‌ను విస్తరించాను. నిలువు కోత లేకపోవడం వల్ల పక్కల నుంచి వచ్చే రక్తప్రసరణ తెగదు, మచ్చ పడదు.

ఫ్లాప్ మందం విషయంలో చేతిపనికి ఉన్న పాత్ర ఇక్కడే తెలుస్తుంది. కోత పెట్టే లోతు అంతటా ఒకటి కాదు. పాపిల్లాల దగ్గర పొరను పలచగా చీల్చాలి. వేరు బయటపడినచోటికి సరిగ్గా పైన ఉన్న చిగురును మాత్రం ఎముక పైపొర పెరియాస్టియంతో సహా పూర్తి మందంతో ఎత్తాలి, ఎందుకంటే కిందికి దిగాక వేరు మీద కూర్చునేది ఆ భాగమే. ఎముక అంచు దాటాక మళ్ళీ పలచగా చీల్చి, కండరాల పట్టు విడిపించాలి. 1.2 మిల్లీమీటర్ల చిగురున్న పంటి దగ్గర కూడా ఆ మధ్య భాగాన్ని అజాగ్రత్తగా చీలిస్తే వేరు మీదికి వచ్చేది 0.6 మిల్లీమీటర్ల పొరే అవుతుంది. కొలిచిన మందం ఒకటి, పంటి వేరు మీదికి చేరిన మందం ఇంకొకటి. కోరపన్ను దగ్గర ఉన్నదే 0.6 కాబట్టి అక్కడ ఎలివేటర్‌ను (పొరను ఎత్తే పరికరం) ఎముకను ఆనించి తప్ప కదపలేదు.

పెదవి కండరాల లాగుడు పూర్తిగా విడిపించాక ఫ్లాప్‌ను వదిలేసి చూశాను. ఎవరూ పట్టుకోకుండానే దాని అంచు ఎనామెల్ గీతకు దాదాపు 2 మిల్లీమీటర్ల కిందికి వచ్చి నిలిచింది. పినీ ప్రాటో బృందం 2000లో ఫ్లాప్ లాగుడును కొలిచి, లాగుడు పెరిగినకొద్దీ కప్పుకునే వేరు తగ్గుతుందని చూపింది. 2005లో అదే బృందం కుట్లు వేసే సమయానికి అంచు ఎనామెల్ గీత దాటి ఎంత ముందుకు వచ్చిందన్నది చివరి ఫలితాన్ని నిర్ణయిస్తుందని చూపింది. మందం తక్కువైన ఫ్లాప్‌కు ఈ రెండు షరతులూ మరింత కఠినంగా వర్తిస్తాయని నా అభిప్రాయం. మందమైన పొర కొంత లాగుడును ఓర్చుకుంటుంది, పలచని పొరలో కుట్టు దారమే అంచును కోసేస్తుంది.

బయటపడిన వేరు భాగాన్ని క్యూరెట్‌తో శుభ్రం చేశాను, వేరు మీద రసాయనాలేవీ పూయలేదు. పాపిల్లాల పైచర్మం తీసేశాను.

గ్రాఫ్ట్ కోసం అంగిలి ఎడమవైపు, మొదటి ప్రీమోలార్‌కూ మొదటి మోలార్‌కూ మధ్య ఉన్న చోటును ఎంచుకున్నాను. కోత తగలకూడని గ్రేటర్ పాలటైన్ ధమని పళ్ళ మెడ నుంచి ఎంత దూరంలో ఉంటుందన్నది అంగిలి లోతును బట్టి మారుతుంది: చదునైన అంగిలిలో సుమారు 7, సాధారణ అంగిలిలో 12, లోతైన అంగిలిలో 17 మిల్లీమీటర్లని రైసర్ బృందం 1996లో రాసింది. ఈమెది సాధారణ లోతే. 12 మిల్లీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల వెడల్పు, 1.5 మిల్లీమీటర్ల మందంతో పైచర్మంతో సహా ఒక పట్టీ తీసి, నోటి బయట తడి గాజ్ మీద పరచి, 15సి బ్లేడుతో పైచర్మం గీకి తీసేశాను. కాంతి పక్కనుంచి పడేట్టు పట్టీని తిప్పి చూస్తే పైచర్మం మిగిలినచోట నిగారింపు వేరుగా కనిపిస్తుంది. ఆ మెరుపు పోయేదాకా గీకాక మిగిలిన మందం ఒక మిల్లీమీటరు. దాన్ని కోరపన్ను వేరు మీద, ఎనామెల్ గీతకు కొద్దిగా పైన ఉండేట్టు, రెండు పక్కలా ఎముక మీదికి సుమారు 3 మిల్లీమీటర్లు చాపి కుట్టాను. వేరులో రక్తనాళాలు లేవు. గ్రాఫ్ట్ మొదటి రెండు మూడు రోజులు చుట్టూ ఉన్న ద్రవంతో బతికి, ఆ తర్వాత పక్కల నుంచి, పైన ఫ్లాప్ నుంచి వచ్చే కొత్త నాళాల మీద ఆధారపడుతుంది, కాబట్టి పక్కలకు చాపిన ఆ కొద్ది భాగమే దానికి జీవం.

ఫ్లాప్‌ను 6-0 పాలీప్రొపిలీన్ స్లింగ్ కుట్లతో పళ్ళకు వేలాడదీశాను. అంగిలి గాయం మీద కొల్లాజెన్ స్పాంజి ఉంచి అడ్డకుట్లు వేశాను.

యాంటీబయాటిక్ ఇవ్వలేదు. నొప్పికి ఇబుప్రోఫెన్, పారాసిటమాల్. రోజుకు రెండుసార్లు 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత. కుట్లు తీసేదాకా ఆ వైపు బ్రష్ తగలకూడదు, పెదవిని ఎత్తి అద్దంలో చూసుకోకూడదు. ఇడ్లీ, చల్లారిన పెరుగన్నం తినమన్నాను. ఆవకాయ, జంతికలు, వేడి వేడి టీ వద్దన్నాను. ఆమెకు నచ్చనిది పెదవి ఎత్తి చూసుకోవద్దన్న నియమమే, టీ కూడా కాదు.

మానిన తీరు

మూడో రోజు చూసినప్పుడు కోరపన్ను మీద ఫ్లాప్ గులాబీ రంగులో, కొంచెం వాచి ఉంది. రెండో ప్రీమోలార్ దగ్గర దాదాపు మామూలుగా ఉంది. ఆ రెండింటి మధ్య మొదటి ప్రీమోలార్ దగ్గర, అంచు వెంట సన్నని దారమంత వెడల్పున, బూడిద-తెలుపు గీత కనిపించింది. వేలి గోరంత మేర కూడా లేని ఆ గీత వారానికల్లా రాలిపోయి దాని కింద కొత్త చర్మం వచ్చింది, కానీ అక్కడ అంచు అర మిల్లీమీటరు పైకి జరిగింది. అంగిలి నొప్పి మొదటి నాలుగైదు రోజులు ఉండి తగ్గింది. రెండు వారాలకు కుట్లు తీశాను.

కుడివైపు శస్త్రచికిత్స నాలుగు నెలల తర్వాత చేశాను. ఇబ్బంది లేని వైపుకు ఎందుకని ఆమె అడిగారు. రిసెషన్ పెరుగుతోందా, ఆగిందా అన్నది ఫొటోలతో గమనించవచ్చని, తొందరేం లేదని చెప్పాను. ఎడమవైపు చూడటానికి బాగుండటంతో ఆమే చేయమన్నారు. అదే పద్ధతి, గ్రాఫ్ట్ లేదు. అంగిలి జోలికి వెళ్ళకపోవడంతో మూడో రోజే ఆమె స్కూలుకు వెళ్ళారు. మానడంలో చెప్పుకోదగిన విశేషమేదీ లేదు.

ఏడాది తర్వాత

ఎడమ కోరపన్ను వేరు పూర్తిగా కప్పుకుంది. చిగురు మందం 0.6 నుంచి 1.5కు, గట్టి చిగురు వెడల్పు 2 నుంచి 3 మిల్లీమీటర్లకు పెరిగాయి. ఎడమ రెండో ప్రీమోలార్, కుడివైపు రెండు పళ్ళు కూడా పూర్తిగా కప్పుకున్నాయి. వాటి మందంలో చెప్పుకోదగిన మార్పు లేదు, ఆశించలేదు కూడా. ఎడమ మొదటి ప్రీమోలార్ దగ్గర 3 మిల్లీమీటర్లలో అర మిల్లీమీటరు వేరు మిగిలింది, అక్కడి మందం 1.0. చల్లని నీళ్ళకు జివ్వుమనడం ఏ పంటికీ లేదు. గ్రాఫ్ట్ లోపల ఉండిపోయి పైన సొంత చిగురే ఉండటంతో కోరపన్ను మీద మెలనిన్ పట్టీ పక్క చిగురుతో కలిసిపోయింది. అదే అంగిలి చర్మాన్ని పైకి కనిపించేట్టు అతికే పాత ఫ్రీ జింజైవల్ గ్రాఫ్ట్ చేసి ఉంటే నల్లని చిగురులో తెల్లని అతుకు జీవితాంతం కనిపించేది.

ఎడమవైపు మూడు పళ్ళనూ కలిపి లెక్కేస్తే 9 మిల్లీమీటర్లలో 8.5 కప్పుకుంది, అంటే 94 శాతం. పూర్తిగా కప్పుకున్నవి మూడింట రెండు, అంటే 67 శాతం. ఏ అంకె రాస్తే ఆ కేసు అలా వినిపిస్తుంది కాబట్టి ఎవరి ఫలితాలు చదివినా ఇది సగటా, సంపూర్ణమా అని ముందు చూడాలి. కైరో 2009లో ఇచ్చిన సౌందర్య స్కోరులో ఎడమ కోరపన్నుకు పదికి 9 వచ్చాయి. మ్యూకోజింజైవల్ జంక్షన్ (గట్టి చిగురు ముగిసి మెత్తని పొర మొదలయ్యే గీత) పక్క పళ్ళ వరుసలో లేనందుకు ఒక మార్కు పోయింది. మొదటి ప్రీమోలార్‌కు 6. పూర్తి కవరేజ్‌కు 6 మార్కులు, పాక్షికానికి 3 అన్న ఆ స్కోరు నియమం వల్ల అర మిల్లీమీటరుకే మూడు మార్కులు పోయాయి. మాట్లాడేంత దూరంలో నిలబడిన వాళ్ళకు ఆ అర మిల్లీమీటరు కనిపించదు, ఆమెకూ కనిపించలేదు, నేను చూపించాక గమనించారు.

చర్చ

ఫ్లాప్ మందానికి హద్దు ఎక్కడ అన్న ప్రశ్నకు సాహిత్యంలో ఒక్క అంకె లేదు. బాల్ది బృందం 1999లో 0.8 మిల్లీమీటర్లు మించిన ఫ్లాప్‌లతో వేరు పూర్తిగా కప్పుకుందని రాసింది. హువాంగ్ బృందం 2005లో పూర్తిగా కప్పుకున్నచోట్ల మందం 1.2 దరిదాపుల్లో ఉందని చూపింది. హ్వాంగ్, వాంగ్ 2006లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను సమీక్షించి 1.1 హద్దును సూచించారు. ఈ తేడాలకు కొంత కారణం కొలిచిన పద్ధతిలోనే ఉంది: కొందరు ఫ్లాప్ ఎత్తాక గేజ్‌తో కొలిచారు, కొందరు ముందే గుచ్చి కొలిచారు, కొలిచిన చోటూ ఒకటి కాదు. కాబట్టి 0.8కీ 1.1కీ మధ్య ఉన్న పంటిని ‘హద్దు దాటింది’ అనో, ‘దాటలేదు’ అనో తేల్చేయలేం. మన మొదటి ప్రీమోలార్ సరిగ్గా ఆ మధ్య జాగాలో ఉంది, దాని ఫలితమూ మధ్యస్తంగానే వచ్చింది. ఒక్క పంటిని బట్టి సిద్ధాంతం చేయలేను, అయితే మూడో రోజు కనిపించిన ఆ బూడిద గీతకూ 0.9 మందానికీ సంబంధం లేదని కూడా అనుకోలేను. పలచని పొరలో అంచు దాకా చేరే నాళాలు తక్కువ. వేరు నుంచి కింద ఏ ఆసరా లేదు. మొదట చచ్చేది అంచే.

అలాగని గ్రాఫ్ట్‌ను ఆ పంటి దాకా పొడిగించి ఉండాల్సిందని నేను అనను. అర మిల్లీమీటరు వేరుకూ, అంగిలి మీద ఇంకో సెంటీమీటరు గాయానికీ మధ్య ఎంచుకోమంటే ఆమె కేసులో ఇప్పటికీ మొదటిదే ఎంచుకుంటాను. ఆ పన్ను బయటికి ఉబికి ఉంటేనో, గట్టి చిగురు ఒక మిల్లీమీటరే ఉంటేనో, ఆమె పొగ తాగే మనిషైతేనో లెక్క మారేది. ముందున్న ప్రశ్న ఏడాది ఫలితానిది కాదు, దీర్ఘకాలానిది. పినీ ప్రాటో బృందం 2010లో ప్రచురించిన అయిదేళ్ళ పరిశీలనలో ఒకే నోట్లో ఒకవైపు గ్రాఫ్ట్‌తో, మరోవైపు గ్రాఫ్ట్ లేకుండా చేసినప్పుడు మొదట్లో రెండు వైపులా దాదాపు సమానంగా ఉన్న ఫలితం అయిదేళ్ళకు గ్రాఫ్ట్ వైపే మెరుగ్గా నిలిచింది. గ్రాఫ్ట్ లేనివైపు అంచు మెల్లగా వెనక్కి జరిగింది. అందువల్ల ఈమెలో నేను ఎక్కువ కనిపెట్టి చూస్తున్నది కోరపన్నును కాదు, 1.0 దగ్గర ఆగిన మొదటి ప్రీమోలార్‌ను.

మన దగ్గర ఈ మధ్య అంగిలి గ్రాఫ్ట్ బదులు రోగి రక్తం నుంచి తీసిన పీఆర్‌ఎఫ్ (ప్లేట్‌లెట్ రిచ్ ఫైబ్రిన్) పొర పెట్టడం బాగా పెరిగింది. ఖర్చు తక్కువ, అంగిలి మీద గాయం ఉండదు, రోగి ఒప్పుకోవడం సులువు. మానడానికి అది సాయపడుతుందన్నదానితో నాకు పేచీ లేదు. గట్టి చిగురు వెడల్పును పెంచడంలో మాత్రం అది కనెక్టివ్ టిష్యూ గ్రాఫ్ట్‌కు సాటిరాదు, కొద్దికాలంలోనే కరిగిపోయే పొర నుంచి శాశ్వతమైన మందాన్ని ఆశించడమూ సరికాదు. 1.2 మిల్లీమీటర్ల చిగురున్న పంటికి పీఆర్‌ఎఫ్ పెట్టి, వేరు పూర్తిగా కప్పుకుందని ఫొటోలు చూపించే కేసుల్లో ఆ ఘనత పీఆర్‌ఎఫ్‌దా, ముందునుంచీ ఉన్న మందానిదా అన్నది మందం కొలిచి రాస్తే తప్ప తెలియదు. ఈమె కుడి కోరపన్ను ఏమీ పెట్టకుండానే పూర్తిగా కప్పుకుంది.

ఏడాది పరీక్షకు వచ్చినప్పుడు ఆమె కింది పళ్ళ గురించి అడిగారు. కింది ముందు పళ్ళు మళ్ళీ కొద్దిగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి, అలైనర్లు (వరుస సరిచేసే పారదర్శక తొడుగులు) పెట్టించుకోవాలని ఆమెకు ఉంది. ఆ పళ్ళకు రిసెషన్ లేదు, కానీ మధ్య కోతపన్ను దగ్గర చిగురు గుచ్చి కొలిస్తే 0.5 మిల్లీమీటర్లే ఉంది, పెదవి లాగితే అంచు కదులుతోంది. పళ్ళ పక్కలను కొద్దిగా అరగదీసి చోటు చేసి, ఆ పంటిని లోపలివైపు జరిపే ప్లాన్ అయితే ముందుగా ఏ శస్త్రచికిత్సా అవసరం లేదని, ఆరు నెలలకోసారి ఫొటో తీసి చూస్తే చాలని చెప్పాను. వరుసను బయటివైపు విస్తరించే ప్లాన్ అయితే మాత్రం అలైనర్ మొదలుపెట్టకముందే అక్కడ గ్రాఫ్ట్ పెట్టి మందం పెంచుకోవాలి. ఈ రెండింటిలో ఏది అన్నది ఆర్థోడాంటిస్ట్ ప్లాన్ చేతికొచ్చాక తేలుతుంది, ఆ 0.5 కొలతను ఉత్తరంలో రాసి ఆమె చేతికే ఇచ్చి పంపాను.